మఫ్రఖ్ క్యాంపు మోత పటం

దుబాయ్‌లో నా ఉద్యోగం చప్పుడు కొలవడం. పెళ్ళైన కొత్తలో ఈ మాట చెబితే మా అత్తగారు, "దానికి కూడా జీతమిస్తారా?" అని అడిగారు. ఇచ్చేవాళ్ళు. అప్పట్లో అక్కడ ఎటు చూసినా భవనాలు లేస్తుండేవి. ప్రతి దాని నెత్తినా ఏసీ యంత్రాలు, అడుగున జనరేటర్లు, గోడల లోపల గాలి గొట్టాలు. ఏ యంత్రం ఎంత మోత చేస్తుంది, ఆ మోత ఎటు ప్రయాణించి ఎక్కడ పేరుకుంటుంది, ఏ గదిలో మనిషి ప్రశాంతంగా కూర్చోగలడు అన్నది కొలిచి, ఆ కొలతలతో కంప్యూటర్లో నమూనా కట్టి, ఫలానా చోట గోడ లేపితే ఇంత తగ్గుతుందని ముందే చెప్పడం మా పని.

మా ఆఫీసు అల్ ఖూజ్‌లో, పాలరాళ్ళు కోసే షెడ్డు వెనక ఉండేది. మోత కొలిచే మీటరు సరిచూసుకోవాలంటే రాళ్ళు కోసేవాళ్ళు భోజనానికి లేచేదాకా ఆగాలి. మా ఆఫీసు పెద్దాయన పుణె మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కొత్తగా చేరిన ఎవరికైనా ఆయన చెప్పే మొదటి మాట ఒకటే: "మనం డాక్టర్లం కాదు, థర్మామీటర్లం. జ్వరం ఎంతుందో చెప్పి పక్కకు తప్పుకోవాలి."

2006లో ఎండలు ముదరక ముందు ఒక పని వచ్చింది. అబుధాబిలో పెద్ద పెద్ద టవర్లు కడుతున్న ఒక కంపెనీకి ఊరి బయట, మఫ్రఖ్‌లో, లేబర్ క్యాంపు ఉంది. కరెంటు లైను ఇంకా రాలేదు కాబట్టి క్యాంపు మొత్తం డీజిల్ జనరేటర్ల మీదే నడుస్తోంది. టవర్లు కట్టించుకుంటున్న యజమానులు పనివాళ్ళుండే చోట మోత ఎంతుందో కొలిపించి రిపోర్టు ఇమ్మని ఆ కాంట్రాక్టు కంపెనీని అడిగారు. మా ఆఫీసులో మిగతావాళ్ళంతా ఒక హోటల్ పనిలో మునిగి ఉన్నారు. "అక్కడ మీ తెలుగువాళ్ళు ఎక్కువట, నువ్వెళ్ళు," అన్నాడు పెద్దాయన. ఆఫీసులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మగవాళ్ళుండే క్యాంపులోకి ఆడపిల్లను ఎలా పంపడమన్న ఆలోచన ఆయనకు రాలేదు. నాకూ రాలేదు.

క్యాంపు మేనేజర్ గుంటూరు వైపు ఆయన. యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, నుదుట సన్నగా కుంకుమ. ఆయన గదికి రెండు పొరల అద్దాలు వేసిన కిటికీలు. తలుపు మూస్తే బయటి హోరు ఎక్కడో దూరాన లారీ పోతున్నట్టు వినిపించేది, అంతే.

"ఏ ఊరమ్మా మనది?"

"కాకినాడండీ."

"మనమ్మాయే అయితే. ఈ ఎండలో పడి తిరిగే ఖర్మ నీకేంటమ్మా," అని చల్లటి మజ్జిగ తెప్పించాడు. మధ్యాహ్నం భోజనం కూడా ఇక్కడే చెయ్యాలని, ఇంటి నుంచి దొండకాయ వేపుడు వచ్చిందని చెప్పాడు. నా భర్త షార్జాలో ఒక ట్రేడింగ్ కంపెనీలో లెక్కలు చూస్తాడని విని, "పిల్లలు?" అని అడిగాడు. ఇంకా లేరన్నాను. "అవుతార్లే, తొందరేముంది," అన్నాడు. మా పెదనాన్న కూడా అలాగే అనేవాడు. ఆ మనిషి నాకు నచ్చాడు.

మీటరు నిలబెట్టే ట్రైపాడ్ మోయడానికి ఒకరిని ఇమ్మని అడిగాను. ఫోన్ చేసి ఎవరినో రమ్మన్నాడు. వచ్చినవాడికి ముప్పై దాటి ఉంటాయి. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి పెట్టుకున్నాడు. కళ్ళు ఎర్రగా, రెప్పలు వాచి ఉన్నాయి. నిజామాబాద్ జిల్లా వాడు, టవర్ల మీద పరంజీలు కట్టే పని, రాత్రి షిఫ్టు.

"రాత్రి షిఫ్టు చేసినవాణ్ణి ఇప్పుడు లేపడం ఎందుకండీ," అన్నాను.

"నిద్ర పట్టట్లేదని మొన్న నా దగ్గరికొచ్చి నలుగురి ముందూ గోల చేశాడమ్మా. ఎలాగూ పడుకోవట్లేదు కదా, నీకు పనికొస్తాడు," అని నవ్వాడు. నిజామాబాద్ మనిషి నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

బయటికి వచ్చాక నేను తెలుగులో మాట్లాడుతుంటే అతని మొహంలో కొంచెం తేట కనిపించింది. "మేడం" పోయి "అక్కా" వచ్చింది.

"నిజంగనే పడ్తలేదక్కా. చెవుల దూది పెట్టుకుంటం, తువ్వాల చుట్టుకుంటం. చెవుల కాదు అది, గుండెల మోగుతది."

అతను చెప్పింది నిజమే. క్యాంపులో రేకు గదులు రెండు పొడుగాటి వరుసలుగా ఎదురెదురుగా ఉన్నాయి. మధ్యలో ఇరుకు సందు. సందుకు ఒక చివర జనరేటర్లు, ఇంకో చివర వంటశాల గోడ. చప్పుడు దూరం పోయేకొద్దీ తగ్గుతుందని అందరూ అనుకుంటారు. ఆరుబయట అది నిజం. ఇక్కడ మోత సందులో దూరి, ఈ రేకుకు ఆ రేకుకు కొట్టుకుంటూ పోయి, చివర వంటశాల గోడకు తగిలి వెనక్కి తిరిగేది. పోయేదీ వచ్చేదీ కలిసేది ఆ చివరి గదుల దగ్గర. అందుకే జనరేటర్లకు అన్నిటికన్నా దూరంగా ఉన్న గదుల్లోనే మోత అన్నిటికన్నా ఎక్కువ. అందులోనూ అది కీచుమనే మోత కాదు, ధుమ్ముమనే మోత. మంచం ఇనుప కాలు పట్టుకుంటే వేళ్ళకు తెలిసేది.

గదికి ఎనిమిది మంది. మీటరును ప్రతి మంచం మీద దిండు ఎత్తులో పెట్టి కొలవాలి. కొలిచేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు, దగ్గకూడదు. పట్టపగలు, రాత్రి పనికి పోయి వచ్చినవాళ్ళు తలలకు తువ్వాళ్ళు బిగించుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నన్ను చూసి దుప్పట్లు లాక్కున్నారు. ఒక్కడు కూడా నిద్రలో లేడు. నిద్రపోతున్నట్టు పడుకున్నారు, అంతే.

నిజామాబాద్ మనిషి ఉండే గది సందు మధ్యలో ఉంది. అతని పక్క మంచం ఒక నెల్లూరు సాయిబుది. ఇనుప చువ్వలు కట్టే పని. గదిలో అందరికంటే పెద్దవాడు, అందరూ చాచా అనేవాళ్ళు. నేను లోపలికి రాగానే లేచి కూర్చుని దిండు సర్దాడు.

"పెట్టుకోమ్మా ఈడ. నేనెట్టాగూ నిద్రపొయ్యేది లేదు. దాన్నన్నా పండుకోనీ," అన్నాడు మీటరును చూపించి.

బయటికి వచ్చాక నిజామాబాద్ మనిషి ఆయన గురించి చెప్పాడు. వచ్చిన ఏడాది తనకు అమ్మవారు పోసిందట. గదిలో వాళ్ళంతా మంచాలు ఎత్తుకుని పక్క గదులకు పోయారట. చాచా ఒక్కడే ఉండి, గంజి తాగించి, పుండ్లకు నూనె రాసి, పని మానుకుని మరీ చూసుకున్నాడట. "మా అవ్వ గుడ చెయ్యదక్కా అట్ల," అన్నాడు. అప్పటి నుంచి ఇద్దరిదీ ఒకే వంట, ఒకే పళ్ళెం.

కొలతలు తెచ్చి అల్ ఖూజ్‌లో కూర్చుని నమూనా కట్టాను. క్యాంపు పటం గీసి దాని మీద మోతను రంగుల్లో పరిచాను. తక్కువున్న చోట పచ్చ, తర్వాత పసుపు, తర్వాత నారింజ. సందు చివరి గదులు చిక్కటి ఎరుపు. స్టోరు వెనక విడిగా ఉన్న కొన్ని గదులు మాత్రం మంచి పచ్చ. కొలతలూ నమూనా అంత చక్కగా కలిసిన పని అప్పటిదాకా నాకు పడలేదు. సంతోషంగానే తీసుకెళ్ళాను.

క్యాంపు మేనేజర్ పటాన్ని బల్ల మీద పరిచి, కళ్ళజోడు తీసి, వంగి చూశాడు. నా రిపోర్టులు సాధారణంగా ఎవరూ చదవరు. చివరి పేజీలో సంతకం ఉందో లేదో చూస్తారు. ఈయన ఒక్కొక్క రంగు గురించి అడిగాడు.

"పసుపులో మనిషి నిద్రపోతాడా?"

"అలవాటు పడితే కొంత పోతాడండీ."

"నారింజలో?"

"మధ్యమధ్యలో మెలకువ వస్తుంది."

"ఎరుపులో?"

"పోలేడండీ. కళ్ళు మూసుకుంటాడు, కానీ ఒంటికి విశ్రాంతి ఉండదు. వారం మించి ఎవరినీ అక్కడ ఉంచకూడదని రాశాను."

"వారానికి ఏమవుతుంది?"

"చెయ్యి వణుకుతుంది, కోపం వస్తుంది. అన్నం సహించదు. ఏదీ గుర్తుండదు."

"ఆహా," అన్నాడాయన. వేలితో ఎర్ర గదుల్ని ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టాడు.

నా సూచనలు చెప్పాను. జనరేటర్లను నీళ్ళ ట్యాంకుల వెనక్కి మార్చాలి, లేదా ముందు ఎత్తుగా దిమ్మెల గోడ కట్టాలి. అది అయ్యేదాకా రాత్రి పనివాళ్ళను పచ్చ గదుల్లోకి మార్చి, ఎర్ర గదులను సామాను గదులుగా వాడుకోవాలి. "తప్పకుండా చేద్దామమ్మా," అని కారు దాకా వచ్చి పంపాడు.

జులైలో మళ్ళీ పిలుపు వచ్చింది. చర్యలు తీసుకున్నాక ఇంకోసారి కొలిచి ఇవ్వాలని యజమానులు అడిగారట. వెళ్ళేసరికి జనరేటర్లు ఉన్నచోటే ఉన్నాయి. గోడ లేదు. మేనేజర్ గదిలో మాత్రం నా పటం పెద్దదిగా వేయించి, ప్లాస్టిక్ తొడుగు వేసి, కుర్చీకి ఎదురుగా గోడకు బిగించి ఉంది. గదుల మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాసి ఉన్నాయి.

"గోడ కట్టలేదేమండీ?"

"గోడ ఎందుకమ్మా? మనుషుల్ని మార్చాం కదా," అని నన్ను పటం దగ్గరికి పిలిచాడు. ఏదీ దాచే ఉద్దేశం ఆయనకు లేదు. తన తోట చూపించే మనిషిలా చూపించాడు. "ఇదిగో, బుద్ధిగా ఉండేవాళ్ళు ఈ పచ్చలో. మామూలు జనం పసుపు, నారింజ. నోరున్నవాళ్ళు ఇక్కడ." ఎర్ర గదుల మీద గోటితో కొట్టాడు. "ఇంతకుముందు తిట్టేవాణ్ణమ్మా. తిడితే పగబడతారు. ఇందులో తిట్టింది లేదు, కొట్టింది లేదు. గది మారింది, అంతే. లేబర్ ఆఫీసుకెళ్ళి ఏమని చెప్పుకుంటాడు? రేకు గదే, ఏసీ ఉంది, మంచం ఉంది. నాలుగో రోజుకు వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంటాడు."

"వారం మించి ఉంచకూడదని రాశానండీ," అన్నాను. నా చెవికే అది చాలా చేతకాని మాటలా వినిపించింది.

"నువ్వు రాసింది నేను మరిచిపోతానా? వారం దాటనివ్వను. మరీ గట్టివాడైతే తప్ప." తర్వాత భోజనానికి కూర్చోమన్నాడు. ఆకలి లేదని చెప్పి మీటరు తీసుకుని బయటికి వచ్చాను.

సందు చివరి గదిలో నెల్లూరు చాచా ఉన్నాడు. మంచం మీద కాదు, తలుపు దగ్గర నేల మీద, గోడకు వీపు ఆనించకుండా కూర్చున్నాడు. ఆనిస్తే రేకు వణుకు ఒంట్లోకి వస్తుందని. గడ్డం పెరిగింది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"చాచా, మీరు మధ్య గదిలో కదా ఉండేది?"

"ఉంటిమమ్మా. మా రూములో ఏసీ చెడిపొయ్యుండాది. నెల దాటినా బాగు చెయ్యలా. పదిమందిమి కలిసి పోయి అడుగుదామంటిని. అంతే నేను జేసింది. పోకముందే మేనేజరుకు తెలిసిపొయ్యింది."

"ఎవరు చెప్పారు?"

చాచా చేతులు చూసుకున్నాడు. వేళ్ళు వాటంతటవే కదులుతున్నాయి. "నా పళ్ళెంలో తిన్నోడే చెప్పినాడు," అన్నాడు. "వాణ్ణి ముందు ఈడే పెట్టుండారు. నీకు సంచీ మోసినాడే, నువ్వు ఆ రంగుల పటం ఇచ్చిపోయిన మర్నాడే మార్చినారు. మేనేజరు మాటకు ఎదురు చెప్పినాడని. శానా రోజులుండినాడు పాపం. మతి చెడినట్టు అయిపొయ్యె. నేనే రోటీ తెచ్చి ఇస్తా ఉంటిని. తర్వాత వాడు బయటికి పొయ్యె, నేను లోపలికి వస్తిని."

నిజామాబాద్ మనిషి స్టోరు వెనక పచ్చ గదిలో కనిపించాడు. అప్పుడే నిద్ర లేచాడు. మొహం నిండింది, కళ్ళు తెల్లగా ఉన్నాయి. గుండీలు సరిగ్గా పెట్టుకుని ఉన్నాడు. "అక్కా, మంచిగున్నవా?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు.

"చాచా పేరు చెప్పింది నువ్వేనా?"

"నేనే."

దాచలేదు. తల కూడా దించలేదు. తనే మొదలుపెట్టాడు. "గా రూముల ఉన్నప్పుడు పరంజీ మీద నిలవడ్తె కింది భూమి దగ్గరికొచ్చినట్టు కొట్టేది అక్కా. దునికితె మెత్తగ ఉంటదేమో అనిపిచ్చేది. నిద్ర కోసం దునుకుదామా అనుకున్న. గప్పుడు మేనేజర్ పిలిచి, ఒక్క పేరు చెప్పు, రూం మారుస్త అన్నడు."

"ఒక్క పేరంటే చాచా పేరే చెప్పాలా?"

"చాచా పేరు చెప్తెనే మేనేజర్ నమ్ముతడు. వేరేటోళ్ళది చెప్తె, వీడు తప్పించుకునెతందుకు అబద్ధం చెప్తున్నడు అనుకుంటడు. చాచా నాకు ఎంతనో ఆయనకు ఎర్కే."

"నీకు అమ్మవారు పోసినప్పుడు..."

"యాదికున్నదక్కా. యాదికుంటె ఏం జేయాలె?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగినట్టు అడిగాడు.

రిపోర్టులో కొలతలతో పాటు ఒక పేరా రాశాను. ఎర్ర గదులను పనివాళ్ళను శిక్షించడానికి వాడుతున్నారని, అది వెంటనే ఆపాలని. మా పెద్దాయన దాన్ని పెన్సిల్‌తో కొట్టేశాడు.

"ఇది నువ్వు మీటరుతో కొలిచావా?"

"చూశాను సార్."

"మనం చూసింది రాయం. కొలిచింది రాస్తాం. ఖలాస్."

టవర్ల యజమానుల దగ్గర పనివాళ్ళ సంక్షేమం చూసే అధికారి ఒకాయన ఉండేవాడు. ఆయనకు ఫోన్ చేశాను. ఓపిగ్గా విన్నాడు. విన్నాక, "మొత్తం క్యాంపు సగటు ఎంతొచ్చింది?" అని అడిగాడు. చెప్పాను. స్టోరు వెనక గదులు, ఆఫీసులు, ఖాళీ ఆటస్థలం అన్నీ కలిపితే సగటు, అనుమతించిన హద్దు లోపలే వచ్చింది. "హద్దు లోపలే ఉంది కదమ్మా. ఇంక సమస్య ఏమిటి?" అన్నాడు. సగటులో ఎవరూ పడుకోరని, ఒక్కొక్కడూ ఒక్కొక్క గదిలో పడుకుంటాడని చెప్పాను. మంచి మాట చెప్పావని మెచ్చుకుని ఫోన్ పెట్టేశాడు.

మూడు నాలుగు రోజులకు క్యాంపు మేనేజర్ దగ్గర నుంచి ఫోన్. నేను ఎవరితో ఏం మాట్లాడానో ఆయనకు తెలిసింది. అయినా గొంతులో అదే తీపి.

"అమ్మా, మీ ఆయన వీసా ఆ షార్జా కంపెనీదేగా? వాళ్ళ ముదీర్, అదే మేనేజరు, మనకు బాగా కావలసినవాడు. ఊరికే చెబుతున్నా. సరే గానీ, కొత్త బ్లాకు కడుతున్నాం. అందులో కూడా అలాంటి ఎర్ర వరుస ఒకటి రావాలి. కట్టాక వెతుక్కోవడం కంటే ముందే అనుకుని పెట్టుకోవచ్చు కదా. జనరేటర్ ఎక్కడ పెడితే, గోడ ఎక్కడ లేపితే వస్తుందో నీ నమూనా చెబుతుందిగా?"

నేను ఆ పని చెయ్యనని చెప్పాను.

"చెయ్యకపోతే పోనీలేమ్మా," అన్నాడాయన. "ఇప్పుడు నీ మీటరు కూడా అక్కర్లేదు. ఏ గదిలో ఎంత మోత ఉందో పొద్దున బస్సెక్కేటప్పుడు వాళ్ళ కళ్ళు చూసి చెప్పేస్తాను." నవ్వి, మా ఆయన్ని అడిగానని చెప్పమని పెట్టేశాడు.

ఇంటికొచ్చి నా భర్తకు చెప్పాను. "నువ్వు చేసింది తప్పని అనను. ఇంక ఆ క్యాంపు జోలికి మాత్రం పోకు," అన్నాడు. భయపడుతూ అన్న మాట అది. ఆయన్ని తప్పు పట్టలేకపోయాను. మా ఆఫీసులో ఆ పని నా చేతిలోంచి తీసి ఇంకొకరికి ఇచ్చారు.

అయినా అక్టోబరులో మూడోసారి కొలతకు మళ్ళీ నేనే వెళ్ళాల్సి వచ్చింది. ఆ ఇంకొకతను సెలవు మీద ఊరికి పోయాడు. క్యాంపులో అడుగు పెట్టగానే ఏదో తేడా తెలిసింది. మోత లేదు. జనరేటర్లను నీళ్ళ ట్యాంకుల వెనక్కి మార్చారు. వాటి చుట్టూ ఎత్తుగా దిమ్మెల గోడ, దానికి ఇనుప తలుపు, తాళం, కాపలాకు ఒక మనిషి. నేను రాసిన చోటే, రాసిన ఎత్తులోనే. ఒక్క క్షణం నా మాట ఎక్కడో చెల్లిందనుకున్నాను.

ట్రైపాడ్ మోయడానికి నిజామాబాద్ మనిషే వచ్చాడు. ఇప్పుడు అతను ఫోర్‌మన్ కింద చిన్న మేస్త్రీ. నెత్తిన వేరే రంగు టోపీ. రెండు గదులు కొలిచాం. నేనే అడిగాను.

"చాచా ఏ గదిలో ఉన్నాడు?"

"లేడక్కా. ఇంటికి తోలిండ్రు."

"ఎప్పుడు?"

"ఆగస్టుల." ట్రైపాడ్ కాళ్ళు ముడుస్తూ చెప్పాడు. "ఎండ మస్తు కొడ్తుంది. పగటీలి. రాత్రి డ్యూటీ చేసొచ్చి అందరం పండుకున్నం. చాచా పెద్ద పానా పట్టుకొని జనరేటర్ల కాడికి పోయిండట. డీజిల్ పైపులు ఇప్పేసిండు. అన్ని బందైనయి. ఏసీలు బందైనయి. రేకు రూములు కదా అక్కా, పొయ్యి మీద పెట్టినట్టే. పది నిమిషాల్ల ఉడికిపోయినం. అందరం బయటికి ఉరికొచ్చినం. చూస్తె ఆయన జనరేటర్ పక్కన, గా డీజిల్‌ల, నేల మీద పండుకొని ఉన్నడు."

"పడుకుని ఉన్నాడా?"

"నిద్ర పోతుండు. మంచిగ నిద్ర పోతుండు."

తర్వాత ఏం జరిగిందని అడిగాను. ఏం జరిగి ఉంటుందో అతని గొంతులోనే తెలుస్తోంది.

"కొట్టిండ్రు. క్యాంపోళ్ళు కాదు, మనోళ్ళే. నిద్ర చెడగొట్టిండని. చెప్పులతోని, ఆయన పానాతోనే. ఆయన ముందుగల్ల లేవలె. రెండు మూడు దెబ్బలు పడ్డంక లేచిండు. ఎందుకు కొడ్తున్నరో సమజ్ కాలె ఆయనకు."

"మేనేజర్?"

"అద్దం కాడ నిలవడి చూసిండు. అందరు అలసిపోయినంక వొచ్చి, యల్లా, ఇగ చాలు అన్నడు."

"నువ్వూ కొట్టావా?"

అతను టోపీ తీసి చేత్తో తల తుడుచుకున్నాడు. "అందరు కొట్టిండ్రక్కా. నేను దూరం నిలవడితె, వీడు వాని దోస్తు, వీడు గుడ ఉన్నడు అంటరు కదా."

ఆ గోడ, తాళం, కాపలా అందుకు. డీజిల్ పైపుల దగ్గరికి ఇంకెవరూ పోకుండా. మోత తగ్గడం దాని వెంట ఊరికే వచ్చింది. కొలతలన్నీ పూర్తి చేశాను. సందు చివరి గదుల్లో కూడా మీటరు తక్కువే చూపించింది. కొత్త పటంలో ఎక్కడా ఎరుపు లేదు. యజమానుల అధికారి ఆ పటాన్ని మెచ్చుకుంటూ మా ఆఫీసుకు ఉత్తరం రాశాడు. మా పెద్దాయన దాన్ని ఫ్రేము కట్టించి గుమ్మంలో పెట్టాడు. క్యాంపు మేనేజర్‌కు పై పదవి వచ్చింది. ఆ కంపెనీకున్న క్యాంపులన్నీ, రాస్ అల్ ఖైమాలో రాళ్ళ క్వారీ దగ్గరున్నది కూడా, ఆయన చేతికే వెళ్ళాయి. అక్కడ క్రషర్ యంత్రాలున్నాయి. ఆ మోతకు పటం గీసి ఇమ్మని మా ఆఫీసును అడిగాడని విన్నాను. ఎవరు గీసిచ్చారో నాకు తెలియదు. నేను అడగలేదు కూడా.

ఆ రోజు క్యాంపు నుంచి బయల్దేరుతుంటే నిజామాబాద్ మనిషి కారు కిటికీలోంచి ఒక చీటీ ఇచ్చాడు. నెల్లూరు దగ్గర చాచా ఇంటి ఫోన్ నంబరు. "నేను ఇచ్చిన్నని చెప్పకు," అన్నాడు.

చాలా రోజులు ఆ చీటీ బల్ల మీదే ఉంది. ఒక శుక్రవారం నా భర్త బయటికి వెళ్ళాక ఫోన్ చేశాను. చాచా భార్య ఎత్తింది. దుబాయ్ నుంచి అనగానే ఆమె గొంతు మారింది.

"ఇంకా ఏం గావాలమ్మా మీకు? పంపించేసినారు గదా."

క్యాంపు మనిషిని కానని, ఒకసారి చాచాను కలిశానని, ఎలా ఉన్నాడో అడుగుదామని చేశానని చెప్పాను.

"ఉండాడు. తింటాడు, పండుకుంటాడు. పొద్దస్తమానం నిద్రే. కుడి చెవి పూర్తిగా పొయ్యింది. ఎడం చెవి అరిస్తే ఇనపడతాది. ఫోన్లో ఇనపడదు." దూరంగా పిల్లలు ఆడుకుంటున్న సందడి, గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తున్నాయి. ఆమె కాస్త మెత్తబడింది. "ఈడనే ఉండాడు, లేపినా. మీరెవురని చెప్పేది? ఏం చెప్పాలో చెప్పండి. నేను చెవి కాడ అరిచి చెప్తా."

నేను రిసీవర్ పట్టుకుని కూర్చున్నాను. ఆమె రెండుసార్లు "హలో" అంది. అరిచి చెప్పదగ్గ మాట నాకు ఒక్కటీ తోచలేదు. ఏమీ లేదమ్మా, ఊరికే చేశానని చెప్పి పెట్టేశాను.